నాగమణి నావను నేను రక్షించిన వైనం

మా అనంతపురంలో పడవ అంటే కాగితంతో చేసేదే. ఏడాదికి పడే నాలుగు వానల్లో ఒక్కటి బడి వేళకు పడితే చాలు, పిల్లలు నోటుబుక్కుల్లో పేజీలు చించి మురుగుకాలువలో పడవలు వదిలేవాళ్ళు. ముప్పై నాలుగేళ్ళు హైస్కూళ్ళలో డ్రిల్లు టీచరుగా పనిచేశాను. ఆ పడవల వెంట పరుగెత్తే పిల్లల్ని ఈల వేసి వెనక్కి పిలవడం నా పని. పిలిచేదాన్నే గానీ, అది ఎంత దూరం పోతుందోనని నా కళ్ళు కూడా దాని వెంటే పోయేవి.

రిటైరయ్యాక అసలు పడవ చూడాలనిపించింది. మార్చి నెలలో, ఉగాదికి ఐదు రోజుల ముందు, ఒక సంచీ భుజాన వేసుకుని గోదావరి వైపు వెళ్ళే రైలెక్కాను. మెళ్ళో ఈల అలాగే ఉంది. ఆ ఈల ఇంట్లో పెట్టి వెళ్ళి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

రాజమండ్రి

రైలు వంతెన మీదికి వచ్చేసరికి తెల్లవారుతోంది. నా ఎదుటి బెర్తు ఆవిడ నిద్రకళ్ళతోనే లేచి, కొంగుముడి విప్పి, ఒక రూపాయి కిటికీలోంచి నీళ్ళలోకి విసిరి దండం పెట్టింది. నేను దండం పెట్టడం కూడా మరిచిపోయాను. వంతెన అయిపోదు, నీళ్ళూ అయిపోవు. మా వీధిలో ట్యాంకరు వచ్చిన రోజు బిందెకూ బిందెకూ మధ్య ఎన్ని జుట్లు పట్టుకోవడాలో నాకు తెలుసు. ఇన్ని నీళ్ళు, ఎవరూ వరసలో నిలబడకుండా, ఎవరినీ ఏమీ అడగకుండా పోతుంటే నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం ఎందుకు!

ఊళ్ళో పెసరట్టు ఉప్మా తిన్నాను. ఉగ్గాని బజ్జీలకు అలవాటుపడ్డ నోరు మొదట కాస్త మొరాయించి, రెండో పెసరట్టుకు లొంగిపోయింది. ముప్పై రూపాయలకు గ్లాసు నిండా రోజ్ మిల్క్ తాగాను. మర్నాడు పాపికొండల లాంచీ ఎక్కాను. లాంచీ అంటే నీళ్ళ మీద నడిచే కల్యాణమండపం. మైకులో పాటలు, ప్లేట్లలో ఉప్మా, ప్రతి మెడలోనూ నారింజరంగు లైఫ్ జాకెట్టు, ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను. కొండలు రెండు వైపులా దగ్గరికి జరిగి నది మలుపు తిరిగినప్పుడు మాత్రం మైకు పట్టుకున్న కుర్రాడు కూడా పాట ఆపేశాడు.

అయినా ఏదో తక్కువైంది. నీళ్ళు ఎక్కడో కింద ఉన్నాయి, నేను ఎక్కడో మేడ మీద ఉన్నాను. వంగి చెయ్యి చాపితే గాలే తగిలింది.

ధవళేశ్వరం

ఆనకట్ట చూసి, కాలువలు మొదలయ్యే చోట లాకుల గట్టు మీద కూర్చున్నాను. లాకులంటే కాలువకు అడ్డంగా ఉండే పెద్ద తలుపులు. పడవను రెండు తలుపుల మధ్య ఉంచి, నీటిమట్టం పెంచో తగ్గించో అవతలికి పంపేవాళ్ళట. నాకు ఇదంతా చెప్పింది రామ్మూర్తి గారు. అక్కడే పనిచేసి రిటైరైన మనిషి. రోజూ సాయంత్రం వచ్చి తన పాత తలుపుల్ని ఒకసారి చూసుకుని పోతారు.

"మా పెళ్ళికి తరలెళ్ళింది పడవ మీదేనండి," అన్నారాయన. "పైన గుడిసెలా కప్పేసిన పడవ. ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు భుజానేసుకుని లాగేవోరు. సాయంత్రం ఎక్కితే తెల్లారేటప్పటికి ఆడపెళ్ళివారి ఊరు. ధాన్యం దాంట్లోనే, పొగాకు దాంట్లోనే, పెళ్ళికొడుకూ దాంట్లోనేనండి."

"ఇప్పుడో?"

"ఇప్పుడంతా లారీలేగా. ఓడలు బళ్ళవుతాయంటారు, మా కళ్ళముందే అయిపోయేయి." ఆయన కాలువ మీంచి చూపు నా వైపు తిప్పారు. "చెక్క నావ చూడాలంటే మీరు నరసాపురం వైపు వెళ్ళండమ్మా. ఊరికి కాస్త ఎగువన ఒక లంక ఉంది. నాగమణని ఒకావిడ ఇప్పటికీ చెక్క నావ మీదే జనాన్ని దాటిస్తాది. ఆ నావ కట్టిన వడ్రంగి నాకు బాగా తెలుసు. మహానుభావుడు, పోయేడు."

లంక అంటే నది మధ్యలో ఇసుకా ఒండ్రూ చేరి ఏర్పడిన దీవి. దాని మీద ఊళ్ళుంటాయి, అరటితోటలుంటాయి. నేలకు చుట్టూ నీళ్ళుండడం మాకు పటంలో చూసే సంగతి. ఆయన చెప్పిన రేవు పేరు చేతి మీద పెన్నుతో రాసుకున్నాను.

రేవు

నరసాపురంలో రాత్రి పడుకుని, పొద్దున్నే ఆటో మాట్లాడుకుని తొమ్మిదింటికల్లా ఆ రేవులో దిగాను. ఎవరూ లేరు. టీ బడ్డీ మూసి ఉంది. ఆ రోజు అమావాస్య అనీ, అమావాస్య నాడు అక్కడివాళ్ళు ప్రయాణాలు పెట్టుకోరనీ నాకు తట్టలేదు. సముద్రం దగ్గరే కాబట్టి నదికి పోటూ పాటూ ఉంటాయి. అప్పుడు పాటు వేళ, నీరు వెనక్కి తీసి ఉంది. ఒడ్డున బురదలో, నిండా నీళ్ళతో, అంచు మాత్రం జానెడు పైకి కనిపిస్తూ ఒక పెద్ద చెక్క నావ మునిగి ఉంది.

దగ్గరికి వెళ్ళి చూస్తే లోపల పెద్ద పెద్ద రాళ్ళు. ఎవరో పాపాత్ములు రాళ్ళు వేసి మరీ ముంచారు! పాపం ఆ నాగమణి గారు ఏ పనిలో ఉందో, ఇక్కడ బతుకుతెరువు ఇలా మునిగిపోయింది. డ్రిల్లు టీచరు చూస్తూ ఊరుకుంటుందా?

చీర ఎగ్గట్టి దిగాను. ఒక పాత రంగుడబ్బా బకెట్టు దొరికింది. తోడుతున్నాను, నీళ్ళు తరగడం లేదు. అంతలో అంతర్వేది దర్శనం చేసుకుని ఒంగోలు వెళ్తున్న వ్యాను ఒకటి స్నానాలకని ఆగింది. ఎనిమిది మంది మగవాళ్ళు దిగారు. నేను సంగతి చెప్పాను. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, వాళ్ళలో ఒక్కడూ ఎందుకని అడగలేదు. అందరివీ మా ఊరిలాంటి మెట్ట ఊళ్ళే. రాళ్ళు తీసి ఒడ్డున పడేశారు. నీళ్ళు తోడేశారు. వ్యాను పైన సామాన్లు కట్టిన తాడు తెచ్చి నావ ముక్కుకు బిగించారు. కింద కొబ్బరి మట్టలు పరిచాం. నేను ఈల ఊదాను.

"వన్, టూ, లాగు!"

స్కూల్లో తాడులాగుడు పోటీలు ఎన్ని జరిపించానో లెక్కలేదు గానీ ఇంత బాగా ఎప్పుడూ జరగలేదు. పన్నెండు మంది పట్టే నావ గట్టెక్కి, ఎండకు కాలుతున్న ఇసుక మీద ఆరోగ్యంగా కూర్చుంది. ఒంగోలు వాళ్ళు స్నానాలు చేసి, నా కాళ్ళకు దండం పెట్టినంత పనిచేసి వెళ్ళారు. నేను ఫోటో తీసి "మునిగిన పడవను కాపాడాను" అని మా స్కూలు గ్రూపులో పెట్టాను. హెడ్మాస్టరు గారు రెండు చేతులూ జోడించిన బొమ్మ పంపారు. తెచ్చుకున్న పులిహోర పొట్లం విప్పి, నావ నీడలోనే కూర్చుని తిని, నాగమణి గారి కోసం ఎదురుచూశాను. ఆవిడ కళ్ళలో ఆనందం చూడాలని నా ఆశ.

నాగమణి గారు

నాలుగింటికి లంక వైపు నుంచి జాలర్ల చిన్న పడవలో వచ్చిందావిడ. యాభై ఏళ్ళుంటాయి. నల్లగా, పొడుగ్గా, భుజాలు మా స్కూలు షాట్‌పుట్ పిల్లల్లా ఉన్నాయి. తెడ్డు వేస్తున్నది అప్పన్న అనే జాలరి. పడవ ఇంకా ఒడ్డుకు తగలకముందే ఆవిడ నీళ్ళలోకి దూకి నడిచి వచ్చింది. నేను లేచి నిలబడి నవ్వాను.

ఆవిడ నన్ను చూడలేదు. నావ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెక్కలు తడిమింది. ఒక కన్ను మూసి రెండు చెక్కల మధ్య సందుకు రెండో కన్ను ఆనించింది.

"వెలుతురు కనపడతందిరా అప్పన్నా," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "దీన్ని ఎవరండి పైకి లాగింది?"

"నేనే," అన్నాను. ఈల ఇంకా చేతిలోనే ఉంది.

"ఎంత పని చేసేరండీ!" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

సంగతి అప్పుడు తెలిసింది. చెక్క నావకు కొత్త చెక్కలు వేసి, సందుల్లో పత్తి కుక్కి, తారు పూశాక, దాన్ని రాళ్ళేసి నీళ్ళలో ముంచాలి. పది రోజులు మునిగి ఉంటే చెక్క నీరు తాగి ఉబ్బుతుంది. ఉబ్బి, ఒకదాన్నొకటి ఒరుసుకుని, సందులు వాటంతటవే బిగుసుకుంటాయి. అలా నానిన నావలోకి చుక్క రాదు. ఆవిడ తొమ్మిది రోజులు నానబెట్టింది. నేను ఆరు గంటలు ఎండబెట్టాను.

"పోనీ మళ్ళీ పది రోజులు..." అని నసిగాను.

"రేపు ఉగాదండి," అన్నాడు అప్పన్న.

ఆ లంకలో వేపచెట్టు నిలవదట. ప్రతి రెండు మూడేళ్ళకూ వరద వచ్చి ఊడ్చేస్తుంది. అందుకని ఉగాది పొద్దున్న వేపపువ్వు ఈ ఒడ్డు నుంచి నావలో వెళ్ళాలి. నావ వచ్చేదాకా లంకలో ఎవరూ పచ్చడి నోట పెట్టరు. ఆ వేపపువ్వు తెచ్చిన నావే ఏడాదంతా లంకవాళ్ళను దాటిస్తుంది. మొన్న కార్తీకంలో నది మధ్యలో ఈ నావలోకి నీళ్ళు ఊరి, ఆడవాళ్ళు భయపడి ఏడ్చారట. లంకకు పెద్ద సత్తిరాజు గారు ఒక షరతు పెట్టారు. ఉగాది నాడు ఆయన తన కండువా మడిచి, నావ అడుగుకు కాస్త పైన పరిచిన అడుగుబల్ల మీద పెడతారు. అవతలి ఒడ్డుకు చేరేసరికి అది పొడిగా ఉంటే రేవు నాగమణిది. తడిస్తే ఫైబరు బోటున్న వేరే మనిషిని పెట్టుకుంటారు. ఆవిడ భర్త పోయి తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళూ ఆవిడ అన్నం ఆ నావే.

నాకు కూర్చోవాలనిపించి ఇసుకలోనే కూర్చుండిపోయాను.

"అలా కూర్చుంటే ఎలాగండి, లేవండి," అంది నాగమణి గారు. "ముందా ఈల నాకిచ్చెయ్యండి."

ఇచ్చేశాను. ఆవిడ దాన్ని కొంగున ముడివేసుకుంది. ముప్పై నాలుగేళ్ళలో నా ఈల లాక్కున్న మనిషి ఆవిడొక్కతే.

అమావాస్య పోటు పెద్దది. సాయంత్రం నీళ్ళు నావ దాకా వచ్చాయి. లంక నుంచి వచ్చిన మరో నలుగురితో కలిసి నావను నీళ్ళలోకి నెట్టాం. రాళ్ళన్నీ మళ్ళీ మోశాను. నీళ్ళన్నీ మళ్ళీ పోశాను. రాత్రి ఆవిడ నన్ను ఈ ఒడ్డునే ఉన్న తన ఇంటికి తీసుకెళ్ళి కందా బచ్చలీ కూర, ముద్దపప్పు పెట్టింది. కూరలో ఆవ ఘాటు ముక్కుకెక్కి నా కళ్ళలో నీళ్ళు తిరిగితే, "ఆవేనా, ఏడుస్తన్నారా?" అని అడిగింది. రెండూ అన్నాను. మారు వడ్డించింది.

"సత్తిరాజు గారికి నేనే చెప్తాను, తప్పు నాదని," అన్నాను.

"వద్దండి. ఇంటికొచ్చిన మనిషి మీద తప్పు తోసి రేవు నిలబెట్టుకోవాలా? నావ నిలబెడితే నిలబెడతాది."

ఉగాది పొద్దు

రాళ్ళు తీసి, నీళ్ళు తోడి, నావను రేవులో పెట్టేసరికి తూర్పు ఎర్రబడింది. బుట్టనిండా వేపపువ్వు మధ్యలో పెట్టారు. సత్తిరాజు గారు రాత్రే ఈ ఒడ్డున ఉన్న చుట్టాలింటికి వచ్చి ఉన్నారు. తెల్లటి పంచె, తెల్లటి మీసం. నన్ను చూసి, "ఎవరండి తమరు? అనంతపురం నుంచా! మంచిది, రండి, కూర్చోండి," అని పక్కన చోటిచ్చారు. ఆ మర్యాదకు నా ప్రాణం ఇంకా చచ్చిపోయింది. ఆయన కండువా నాలుగు మడతలు పెట్టి అడుగుబల్ల మీద పరిచి, ఇక దాని వైపే చూస్తూ కూర్చున్నారు.

నాగమణి గారు వెనక నిలబడి తెడ్డు వేసింది. ఒడ్డు వదిలింది.

నా జీవితంలో అంత నిశ్శబ్దమైన కదలిక ఎరగను. ఇంజను లేదు, మైకు లేదు. కాలి కింద చెక్క, చెక్క కింద గోదావరి. అది ఊపిరి తీసుకుంటే నా అరికాలికి తెలుస్తోంది. చెయ్యి చాపితే ఈసారి గాలి కాదు, నీళ్ళే తగిలాయి. చల్లగా, బరువుగా. మొట్టమొదట ఏ మనిషో ఒక దుంగ మీద కూర్చుని ఇలాగే అవతలి ఒడ్డు వైపు చూసి ఉంటాడు. వాడికెంత ధైర్యం, ఎంత ఆశ! లారీలొచ్చినా వంతెనలొచ్చినా మనిషికి పడవ మీద మోజు ఎందుకు పోలేదో నాకు ఆ క్షణంలో తెలిసింది. అంత పెద్దది మనల్ని మోస్తోందంటే, మనమంటే దానికి ఇష్టమేమో అనిపిస్తుంది.

నది మధ్యకు వచ్చాక చిన్న చప్పుడు వినిపించింది. అడుగుబల్ల సందులోంచి చూశాను. కింద నీళ్ళు ఊరుతున్నాయి. అవి ఇంకో నాలుగు వేళ్ళు పైకి వస్తే కండువా.

"మేడం గారూ," అంది నాగమణి గారు, తెడ్డు ఆపకుండా. "ఆ బకెట్టు మీ కాళ్ళ దగ్గరే ఉందండి. నిన్న ఎవరూ చెప్పకుండానే తోడేరు కదా. ఇప్పుడు నేను చెప్తన్నాను, తోడండి."

తోడాను. వెనక బల్ల ఎత్తి ఉన్న చోట కూర్చుని, నడుం విరిగేలా, కన్ను పక్కకు తిప్పకుండా తోడాను. అవతలి ఒడ్డున రంగురంగుల చీరలు, పిల్లలు, పచ్చడి కుండలు కనిపిస్తున్నాయి. లంక లంకంతా ఆ కండువా కోసమే నిలబడి ఉంది.

నావ ఇసుకను తాకింది. సత్తిరాజు గారు కండువా ఎత్తి, విప్పి, ఎండకు అడ్డంగా పట్టుకున్నారు. ఒక మూల, అరచెయ్యంత మేర తడిసి ఉంది.

ఆయన నాగమణి గారి వైపు చూశారు. ఆవిడ తల దించుకుంది గానీ నా పేరెత్తలేదు. నేను ఇక ఉండలేక నావలోనే లేచి నిలబడ్డాను. నావ ఊగింది, పడబోయి అప్పన్న భుజం పట్టుకున్నాను.

"తప్పు నావది కాదండీ! ఆవిడదీ కాదు. నిన్న పదింటికి నేను దీన్ని రాళ్ళు తీసి, నీళ్ళు తోడి, పైకి లాగించి, నాలుగింటి దాకా ఎండబెట్టాను. మునిగిపోయిందనుకుని కాపాడాను!"

ఒడ్డున ఎవరో ముసలావిడ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఒడ్డు పొడుగునా పాకింది. సత్తిరాజు గారు మాత్రం నవ్వలేదు.

"ఆగండాగండి. పది నుంచి నాలుగు దాకాండీ? ఇసక మీదా?"

"అవునండీ."

"మళ్ళీ నీళ్ళలో పెట్టింది రాత్రేనా నాగమణీ?"

"ఆయ్," అందావిడ.

ఆయన కండువా తడిసిన మూలను పిడికిట్లో పట్టి పిండారు. మూడు చుక్కలు పడ్డాయి.

"ఆరు గంటలు మాడబెట్టి, ఒక్క రాత్రి నానబెడితే మూడు చుక్కలండి," అన్నారు అందరికీ వినపడేలా. "ఇంత పరీక్ష మనం పెట్టగలమా? ఆ వడ్రంగి చెయ్యి అలాంటిది. ఈవిడ మరమ్మతూ అలాంటిదే. రేవు నాగమణిదేనండి, పువ్వు దింపండి." నా వైపు తిరిగి చేతులు జోడించారు. "తమరు మాత్రం వచ్చే ఉగాదికి చెప్పి రండి. కాపలా పెట్టుకుంటాం."

నాగమణి గారు నావ అంచు మీద కూర్చుండిపోయింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను.

పచ్చడి

మా ఇంట్లో ఉగాది పచ్చడి చెంచాడు తిని ముఖం చిట్లిస్తాం. అక్కడ గిన్నెడు పోస్తారు, తాగేదాకా వదలరు. చెరుకుముక్కలూ, అరటిపండ్లూ, కొత్త మామిడికాయా వేసి, పైన అప్పుడే నావ దిగిన వేపపువ్వు చల్లారు. అంత తియ్యటి చేదు నేనెప్పుడూ తాగలేదు.

పండగ రోజున ఇక దాటింపులు లేవు. పచ్చడి తాగి అందరం మళ్ళీ నీళ్ళ దగ్గరికి వచ్చాం. ఎండినందుకు నావకు ఇంకో మూడు రోజుల నానుడు బాకీ ఉంది. నాగమణి గారు చెప్పిన చోట ఒక్కొక్క రాయీ నేనే పెట్టాను. బకెట్టుతో నీళ్ళు పోశాను. నీటిచుక్క నేలపాలైతే అమ్మ చేత మొట్టికాయలు తిన్న చెయ్యి ఇది. ఆ చేత్తోనే బకెట్టు తర్వాత బకెట్టు ఒక నావలోకి ఒంపుతుంటే నవ్వొచ్చింది. నావ ఒక పక్కకు ఒరిగి, నిదానంగా, ఒళ్ళు నీళ్ళకు అప్పగించేసినట్టు కిందికి దిగింది.

అంచు నీళ్ళలోకి పోయేదాకా నాగమణి గారు చూసింది. తర్వాత కొంగుముడి విప్పి, నా ఈల నా అరచేతిలో పెట్టింది.

"ఇప్పుడు ఊదుకోండి మేడం గారూ," అంది.

ఊపిరున్నంత సేపూ ఊదాను.